మా ఊరి దిగుడుబావికి గోడ ఎందుకు కట్టారంటే

అమ్మకు మోకాలి నొప్పి ఎక్కువైతే పోయిన ఎండాకాలం కర్నూలుకు తీసుకుపోయి ఎక్స్‌రే తీయించాను. ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే మోకాలి ఎముకలు అరిగిన సంగతి నాకే తెలుస్తోంది. దానికి కింద, పిక్క కండలో, తెల్లటి దారం ఒకటి మెలికలు తిరిగి కనిపించింది. అక్కడక్కడా తెగి, కొంత దూరం పోయి, మళ్లీ చుట్ట చుట్టుకుంది. చిన్న వయసు డాక్టరు దాన్ని చాలాసేపు చూశాడు. రక్తనాళంలో సున్నం పేరుకుని ఉండొచ్చని ఇంకో రెండు పరీక్షలు రాశాడు. నాకు టెన్షన్ మొదలైంది. బయట బెంచీ మీద కూర్చున్న అమ్మ దగ్గరికి పోయి, ఏం చెప్పాలో తెలియక ఫిల్ము చేతిలో పెట్టాను. ఆమె కళ్లు చికిలించి చూసి, "ఇది నారి కదరా. ఒకటి బయటికి రాకుండా లోపల్నే సచ్చిపాయ, అదే ఇది" అంది.

నారికురుపు. కొందరు నారిపుండు అంటారు. వైద్య పుస్తకాల్లో గినియా వార్మ్, శాస్త్రీయ నామం డ్రాకన్‌క్యులస్ మెడినెన్సిస్. మనిషి కడుపులో ఉండే ఏలికపాము, కొంకిపురుగు ఏ వర్గానివో ఇదీ ఆ వర్గానిదే, గుండ్రటి ఒళ్లున్న పరాన్నజీవి. ఆడపురుగు దాదాపు మీటరు పొడుగు ఉంటుంది, మందం మాత్రం సేమ్యా పోగంత. బయటికి రాకుండా లోపలే చచ్చిపోతే దాని చుట్టూ మన ఒళ్లు సున్నం పేరుస్తుంది. అది ఎన్నేళ్లకైనా ఎక్స్‌రేలో కనిపిస్తుంది.

ఆ డాక్టరును నేను తప్పు పట్టను. మన దేశంలో చివరి నారికురుపు రోగి 1996 జూలైలో, రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జిల్లాలో కనబడ్డాడు. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశానికి ఈ జబ్బు లేదని ధ్రువపత్రం ఇచ్చింది. ఆ డాక్టరు వైద్యం చదివేనాటికి ఇది పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. నాకు బాధ వేసింది వేరే దానికి. అదే వారంలో మా అక్క కొడుకు ఫోన్లో ఒక ఫోటో పంపాడు.

వాడు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. ఊరంటే ప్రాణం. పత్తికొండ వైపు ఉన్న మా ఊళ్లో, పాత దిగుడుబావి ఒకటి ముళ్లకంపలతో మూసుకుపోయి ఉంది. దాన్ని పూడిక తీయించి, మెట్లు బయటపెట్టి, పాత రోజుల్లోలాగా చెయ్యాలని వాడూ వాడి స్నేహితులూ చందాలు పోగు చేస్తున్నారు. మంచి పని. ఫోటో కింద మాత్రం ఇలా రాశాడు: "మన తాతల నాటి బావికి అడ్డంగా గోడ కట్టి మెట్లు మూసేసి పాడు చేశారు. ఈ గోడ పగలగొట్టడమే మన మొదటి పని."

ఆ గోడ కట్టేటప్పుడు నేను చూశాను. దాన్ని ఎవరూ పాడు చెయ్యడానికి కట్టలేదు. వాడికి ఫోన్లో చెప్తే సగమే విన్నాడు. అందుకే ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

1977 ఎండాకాలం. నాకు ఎనిమిదేళ్లు. అమ్మకు రెండు రోజులు జ్వరం వచ్చి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, తర్వాత కుడికాలు చీలమండకు కొంచెం పైన బొబ్బ కట్టింది. నిప్పు కణిక పెట్టినట్టు మంట అని ఏడ్చేది. అమ్మ ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. ఎండాకాలం కాబట్టి బావిలో నీళ్లు అడుగుకు పోయాయి. ఇరవై మెట్లో ఇరవై రెండో దిగాలి. నీళ్లకు నేనూ వెంట పోయేవాణ్ణి. ఆ రోజు అమ్మ చివరి మెట్టు మీద కూర్చుని కాలు నీళ్లలోకి జార్చింది. మంట తగ్గిందని కళ్లు మూసుకుంది. చాలాసేపు అట్లానే కూర్చుంది. నేను ఆమె పక్కనే నిలబడి, అవే నీళ్లలో చిన్న బిందె ముంచాను.

ఇంటికి వచ్చేసరికి బొబ్బ పగిలి ఉంది. మధ్యలో చిన్న రంధ్రం, రంధ్రంలో తెల్లటి మొన. పక్కింటి అవ్వకు ఈ పని తెలుసు. చెంబుతో చల్లటి నీళ్లు పోయమని నాకు చెప్పింది. నీళ్లు పడగానే ఆ రంధ్రంలోంచి పాలచుక్క లాంటిది ఊరింది. అవ్వ దాన్ని గుడ్డతో తుడిచి, పురుగు మొనను రెండు వేళ్లతో పట్టుకుని, లాగీ లాగనట్టు లాగి, బయటికి వచ్చినంత మేర అగ్గిపుల్లకు చుట్టి, పుల్లను కాలికి గుడ్డతో కట్టింది. "బిగిసినప్పుడు ఆపాల. తొందరపడితే తెగుతాది" అని అమ్మకు చెప్పి పోయింది. రోజూ పొద్దున్నే ఇదే. రోజుకు రెండు వేళ్ల వెడల్పు, మూడు వేళ్ల వెడల్పు. కొన్ని రోజులు అసలు కదిలేది కాదు. పుల్ల మీద చుట్టిన పురుగు ఎండి, తంబురా తీగలాగా గట్టిపడేది. నేను నీళ్లు పోసేవాణ్ణి. ఆ పని ఇంకెవరికీ ఇచ్చేవాణ్ణి కాదు.

పదకొండో రోజు తెగింది. ఊరికి సైకిలు మీద వచ్చి సూదులు వేసే ఆయన ఒకడు, పట్టకారుతో ఒక్కసారి లాగేస్తే అయిపోతుందని లాగాడు. తెల్లారేసరికి కాలు మోకాలిదాకా వాచి ఎర్రబడింది. పురుగు తెగితే దాని ఒంట్లో ఉన్నదంతా కండలో పారుతుంది, చీము పడుతుంది, ధనుర్వాతం కూడా రావచ్చు. అమ్మకు ధనుర్వాతం రాలేదు. రెండు నెలలు మంచం దిగలేదు.

ఇప్పుడు బయాలజీ పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి, ఆ బావి మెట్టు మీద జరిగింది ఏమిటో నాకు వివరంగా తెలుసు. తెలిసిన కొద్దీ ఆ రోజు ఇంకా స్పష్టంగా కనబడుతుంది. ఆ పాలచుక్కలో ఉన్నవి పురుగు పిల్లలు, లార్వాలు. ఒక్క ఆడపురుగు లక్షల్లో కంటుంది. నీళ్లు తగలగానే వదిలేస్తుంది. కాలు మండేలా చేసేది కూడా పురుగే. మంట పుట్టిస్తే మనిషి నీళ్లు వెతుక్కుంటాడు, కాలు నీళ్లలో పెడతాడు, దాని పిల్లలకు దారి దొరుకుతుంది. అమ్మ కళ్లు మూసుకుని కూర్చున్న ఆ కాసేపట్లో బావిలోకి ఎన్ని లక్షలు దిగి ఉంటాయో!

అయితే ఆ లార్వాలను నేరుగా తాగినా మనకేమీ కాదు. నిలవ నీళ్లలో సైక్లాప్స్ అనే జీవి ఉంటుంది. ఒక మిల్లీమీటరు, మహా అయితే రెండు. గాజు గ్లాసులో నీళ్లు పోసి ఎండకు పెడితే తెల్లటి నలుసు కుదుపులు కుదుపులుగా ఈదుతున్నట్టు కంటికే కనబడుతుంది. అది ఈ లార్వాలను తినాలి. నీళ్లలో పడ్డ లార్వా మూడు రోజుల పాటే చురుగ్గా ఉంటుంది, ఆలోపే సైక్లాప్స్ కడుపులో చేరాలి. అక్కడ రెండు వారాలు పెరిగాకే మనిషికి అంటుకునే శక్తి వస్తుంది. ఆ సైక్లాప్స్ ఉన్న నీళ్లు మనం తాగితే మన కడుపులోని ఆమ్లం సైక్లాప్స్‌ను చంపుతుంది, లార్వాను మాత్రం విడిపిస్తుంది. అది పేగు గోడ దాటి లోపలికి పోతుంది. ఆడా మగా కలిశాక మగది చచ్చిపోతుంది. ఆడది కండల మధ్య, చర్మం కింద మెల్లగా పాకుతూ, పెరుగుతూ, కాలి వైపు దిగుతుంది. ఇదంతా జరగడానికి దాదాపు ఏడాది పడుతుంది. ఆ ఏడాదీ మనిషికి ఏమీ తెలియదు. 1977 మేలో అమ్మ కాలికి వచ్చిన పురుగు 1976 ఎండాకాలంలో తాగిన నీళ్లది.

ఒకసారి వస్తే మళ్లీ రాదనే భరోసా కూడా లేదు, దీనికి ఒళ్లు రక్షణ నేర్చుకోదు. టీకా లేదు. పురుగును చంపే మందు ఇప్పటికీ లేదు.

ఇప్పుడు దిగుడుబావిని ఆలోచించండి. నీళ్లు కదలవు, సైక్లాప్స్‌కు అనువైన చోటు. నీళ్లు తెచ్చుకోవాలంటే మనిషే దిగాలి. కాలు పెట్టే నీళ్లూ, బిందె ముంచే నీళ్లూ ఒకటే. ఎండాకాలంలో నీళ్లు తగ్గి ఒక చిన్న మడుగు మిగులుతుంది, ఊరంతా అందులోనే దిగుతుంది, సైక్లాప్స్ కూడా ఆ కొద్ది నీళ్లలోనే చిక్కబడతాయి. ఆ పురుగుకు కావలసినవన్నీ ఒక్కచోట సమకూరిన కట్టడం అది. తుంగభద్ర పారే నీళ్లలో ఇది సాగదు, చేంతాడు వేసి తోడే చేదబావిలో సాగదు. చుట్టూ నడుమెత్తు గోడ ఉంటే నీళ్లలోకి బొక్కెన దిగుతుంది, కాలు దిగదు. మా వాడు పగలగొడదామంటున్న గోడ చేసిన పని అదే.

ఈ సంగతి కనిపెట్టినవాళ్ల కథ మనవాళ్లకు తెలియాలి. 1870లో సమర్‌కంద్‌లో అలెక్సీ ఫెద్చెంకో అనే రష్యన్ శాస్త్రవేత్త ఈ లార్వాలు సైక్లాప్స్‌లోకి చేరడం సూక్ష్మదర్శినిలో చూశాడు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు దాటాయంతే. మూడేళ్ల తర్వాత ఆల్ప్స్ పర్వతాల్లో మోబ్లాన్ దగ్గర మంచు తుఫానులో చనిపోయాడు, ఇరవై తొమ్మిదేళ్లకు. తర్వాత రాబర్ట్ లైపర్ అనే ఆయన ఇప్పటి ఘనా దేశంలో పని చేసి, కడుపులో ఉండేంత ఆమ్లం తగిలితే సైక్లాప్స్ చచ్చి లార్వాలు చురుగ్గా బయటికి రావడం చూపించాడు. సైక్లాప్స్‌ను అరటిపండులో పెట్టి కోతికి తినిపించి, ఆరు నెలల తర్వాత దాని ఒంట్లో పురుగులు కనుక్కున్నాడు. పురుగు ఎటునుంచి ఎటు పోతుందో అక్కడికి తేలిపోయింది.

మనకు దగ్గరి సంగతి ఇంకొకటి. 1930లలో మైసూరు సంస్థానంలోని చిత్రదుర్గంలో వి.ఎన్. మూర్తి అనే శాస్త్రవేత్త దీని మీద ఏళ్ల తరబడి పని చేశాడు. చిత్రదుర్గం అంటే మన రాయదుర్గం, కళ్యాణదుర్గం దాటితే వచ్చే జిల్లా. అదే నేల, అదే కరువు, అవే బావులు. బావుల్లో సైక్లాప్స్‌ను తినే చేపలను వదిలితే జబ్బు తగ్గుతుందా అని పరిశోధించాడు. కుక్కలకు ఈ పురుగును ఎక్కించి చూసే ప్రయోగాలు కూడా చేశాడు. ఈ కుక్కల సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

ఇక మా కర్నూలు. 1960ల చివర్లో కర్నూలు మెడికల్ కాలేజీ పాథాలజీ విభాగానికి చెందిన సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డి, ఆయన తోటివాళ్లు నారికురుపు మీద వరసగా పరిశోధన వ్యాసాలు రాశారు. 1969లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ఒకటి అచ్చయింది. నిరిడజోల్ అనే మందు పని చేస్తుందేమో పరీక్షించారు. దారి తప్పి వెన్నుపూస దగ్గరికి పోయి చీము పట్టించిన పురుగుల గురించి రాశారు. సున్నం పట్టిన పురుగులు ఎక్స్‌రేలో ఎట్లా కనిపిస్తాయో, సరిగ్గా మా అమ్మ ఫిల్ములో కనిపించిన దాని గురించి, ఒక వ్యాసమే ఉంది. దాదాపు అరవై ఏళ్ల కింద కర్నూల్లో కూర్చుని రాసిన దాన్ని ఇప్పుడు కర్నూల్లోనే ఎవరూ గుర్తుపట్టలేకపోయారు. నా ఇంకో బాధ ఇది. మన నేల మీద, మన మనుషుల కాళ్లు చూసి సంపాదించుకున్న జ్ఞానం ఇది. పుట్టిన ఊళ్లోనే దానికి వారసులు లేకుండా పోయారు.

మందు లేదని తేలాక మిగిలింది దారి మూయడమే. 1983-84లో కేంద్ర ప్రభుత్వం నారికురుపు నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. అప్పటికి 7 రాష్ట్రాల్లో ఈ జబ్బు ఉంది, మన ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. 1984లో దేశం మొత్తం మీద లెక్కకు వచ్చిన రోగులు దాదాపు 40 వేలు. ఆరోగ్య కార్యకర్తలు ఊరూరూ, ఇల్లిల్లూ తిరిగారు. మా బడికి కూడా వచ్చారు. కాలికి పురుగు వేలాడుతున్న బొమ్మ అట్ట మీద అతికించి ఉండేది. అది చూపించి, మీ ఇంట్లో, మీ వీధిలో ఇట్లా ఎవరికైనా ఉందా అని పిల్లలను అడిగేవాళ్లు. పిల్లలు దాచరు కదా. పేర్లన్నీ చెప్పేసేవాళ్లం. పుండు ఉన్నవాళ్లకు కట్టు కట్టి, బావిలోకి దిగొద్దని చెప్పేవాళ్లు. బావుల్లో టెమిఫాస్ మందు లీటరుకు ఒక మిల్లీగ్రాము చొప్పున లెక్కగట్టి పోసేవాళ్లు. ఆ మోతాదులో మనిషికి హాని లేదు, సైక్లాప్స్ చచ్చిపోతుంది.

వాటన్నిటికంటే ముందు గుడ్డ. నీళ్లను గుడ్డతో వడగట్టుకోమన్నారు. ఇందులో ఉన్న తెలివి గమనించండి. గుడ్డలోంచి లార్వాలు దూరిపోతాయి, వాటిని గుడ్డ ఆపలేదు. ఆపాల్సిన పని కూడా లేదు, ఎందుకంటే విడి లార్వాతో ప్రమాదం లేదు. ఆపాల్సింది సైక్లాప్స్‌ను. దానికి గట్టిగా నేసిన పాత నూలు గుడ్డ చాలు. ఏది ఆపాలో కచ్చితంగా తెలియడం వల్ల లక్షల రూపాయల యంత్రం చేసే పనిని చీర కొంగు చేసింది. ఈ పని చేసింది ఎవరు? నీళ్లు మోసే ఆడవాళ్లు. ఏళ్ల తరబడి, రోజూ, ప్రతి బిందెకూ. నిర్మూలన కార్యక్రమం నివేదికల్లో అధికారుల పేర్లు ఉంటాయి, ఉండాలి కూడా, వాళ్లు కష్టపడ్డారు. మా వీధిలో బిందె మూతికి గుడ్డ కట్టిన పదిహేను మంది ఆడవాళ్ల పేర్లు మాత్రం నాకు తప్ప ఎవరికీ తెలియవు.

గోడ ఆ రోజుల్లోనే కట్టారు. మెట్ల వైపు రాళ్లతో మూసి, పైన గిలక పెట్టారు. కొన్నాళ్లకు ఊళ్లో రెండు బోరింగులు వేశారు. గోడ కట్టేటప్పుడు గొడవ అయింది. పెద్దవాళ్లు ఒప్పుకోలేదు. దేవర బావి, మెట్లు మూస్తే వానలు రావన్నారు. మా నాయన అమ్మ కాలు చూపించి మాట్లాడాడు. మా నాయన నలుగురిలో గొంతెత్తి మాట్లాడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఈ పురుగుకు ఒక బలహీనత ఉంది. మనిషి ఒంట్లో ఏడాదే బతుకుతుంది. గట్టిపెంకు గుడ్డుగా ఏళ్ల తరబడి మట్టిలో దాక్కునే ఏర్పాటు దానికి లేదు. ఒక్క ఏడాది, ఒక్క ఊళ్లో, పుండు ఉన్న కాలు నీళ్లలో పడకపోతే, పై ఏడు ఆ ఊరికి జబ్బు లేదు. మా ఊళ్లో గోడ కట్టిన తర్వాత రెండో ఎండాకాలానికి ఒక్కరికీ రాలేదు. వందల ఏళ్లుగా ప్రతి ఎండాకాలం వచ్చిన జబ్బు, రాలేదు. దానికి పండగ ఏమీ చెయ్యలేదు. రాని జబ్బు ఎవరికీ కనబడదు కదా.

మా వాడి వాదన నాకు అర్థం కాకపోలేదు. దిగుడుబావి అందమైన కట్టడం. రాయి మీద రాయి సున్నం లేకుండా పేర్చిన పనితనం, ఎండాకాలంలో కింద మెట్ల మీద ఉండే చల్లదనం, గోడల్లో పావురాలు, ఇవన్నీ నాకూ ఇష్టమే. పూడిక తీస్తే చుట్టుపక్కల బోర్లలో నీళ్లు ఊరతాయి, అనంతపురం, కర్నూలు జిల్లాల్లో అంతకంటే కావలసింది ఏముంది. పైగా బోర్లు వచ్చాక అంతా సుఖమే అయిందని కూడా నేను అనను. లోతుకు పోయిన కొద్దీ కొన్ని ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్లు వచ్చాయి. అనంతపురం జిల్లాలో మచ్చలు పడ్డ పళ్లు, వంగిపోయిన నడుములు నేను చూశాను. ఒక కష్టం తీర్చబోయి ఇంకో కష్టం కొని తెచ్చుకున్న చోట్లు ఉన్నాయి. అందుకని పాత బావే మేలని అంటే మాత్రం ఒప్పుకోను.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ మెట్లు అందరివీ కావు. మా ఊరి దళితవాడ వాళ్లు ఆ మెట్లు దిగకూడదు. పైన గట్టు మీద కడవలు పెట్టుకుని, ఎవరో ఒకరు పోస్తారని ఎండలో నిలబడేవాళ్లు. లేకపోతే వంక దగ్గర చెలమ తవ్వుకునేవాళ్లు. వాళ్లకు మొదటిసారి ఎవరి దయా లేకుండా నీళ్లు దొరికింది బోరింగు దగ్గర. ఫోటోలో మెట్లు అందంగానే ఉంటాయి. గట్టు మీద నిలబడ్డవాళ్లు ఫోటోలో పడరు.

మరి మెట్లు తెరిస్తే నారికురుపు మళ్లీ వస్తుందా? రాదు. భయపెట్టడానికి అబద్ధం చెప్పను. దేశంలో ఈ పురుగు మోస్తున్న మనిషి లేడు. కాబట్టి మా ఊరి బావిలో ఎవరు కాలు పెట్టినా లార్వాలు పడవు. అయితే ప్రపంచంలో అది ఇంకా ఉంది. 1986లో ఏటా 35 లక్షల మందికి వచ్చేది. 2023లో 14 మందికి, 2024లో 15 మందికి వచ్చింది. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ తన సంస్థతో దీని మీద దాదాపు నలభై ఏళ్లు పట్టుబట్టి పని చేయించాడు. తాను పోయేలోపు ఆఖరి పురుగు పోవాలని కోరుకున్నాడు. 2024 డిసెంబరులో నూరేళ్లు నిండాక ఆయన పోయాడు, పురుగు ఇంకా మిగిలింది. మిగలడానికి పెద్ద కారణం కుక్కలు. 2012లో ఆఫ్రికాలోని చాద్ దేశంలో కుక్కల కాళ్లలోంచి ఈ పురుగులు రావడం గుర్తించారు. తర్వాత ఏటా వందల కుక్కల్లో కనబడింది. చేపల పేగులు తినడం వల్ల, కప్పల వల్ల వాటికి వస్తుందని శాస్త్రవేత్తలు అనుమానిస్తున్నారు. మనుషులకే పరిమితం అనుకున్న జబ్బు జంతువుల్లో నిలదొక్కుకుంది. కుక్కకు ఈ పురుగు అంటుకోగలదని చిత్రదుర్గంలో మూర్తి 1930లలోనే చూపించాడు. ఆ పాత వ్యాసాలకు ఇప్పుడు కొత్తగా విలువ వచ్చింది. తెలిసిన సంగతిని మరిచిపోతే ఎంత ఖర్చు అవుతుందో చెప్పడానికి నాకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకలేదు.

ఆ మరుపు నా బడిలోనూ ఉంది. ఏటా ఫిబ్రవరిలో, ఆగస్టులో నులిపురుగుల దినం అని పిల్లలకు ఆల్బెండజోల్ మాత్రలు ఇస్తాం. 2015లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై, 2016 నుంచి దేశమంతా జరుగుతోంది. మంచి కార్యక్రమం, నేను దగ్గరుండి నమిలిస్తాను. అయితే మాత్ర కడుపులో ఉన్న పురుగును చంపుతుంది, రేపు ఎక్కబోయే పురుగును ఆపదు. ఏలికపాము గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి, కొంకిపురుగు లార్వా చెప్పులు లేని కాలి చర్మంలోంచే దూరుతుంది. మరుగుదొడ్డి వాడకం, చెప్పులు, చేతులు కడుక్కునే నీళ్లు లేకుండా ఆరు నెలలకోసారి మాత్ర ఒక్కటే ఇస్తూ పోతే, మళ్లీ ఆరు నెలలకు అదే మాత్ర. ఒకసారి మా బడి మరుగుదొడ్లకు నీళ్లు లేవని ఒక ఆఫీసుకు పోతే, "మాత్రలు అందాయి కదా సార్, ఇంకేంటి?" అన్నారు. నారికురుపుకు మాత్ర లేకపోవడం ఒక రకంగా మన అదృష్టమేమో అని ఆ రోజు అనిపించింది. మాత్ర ఉండి ఉంటే గోడ కట్టేవాళ్లు కాదేమో.

మా వాడితో పోయిన నెల మళ్లీ మాట్లాడాను. వాడు ఊరికి వచ్చాడు. బావి దగ్గరికి ఇద్దరం పోయాం. కంపలు కొట్టేశారు, పూడిక సగం తీశారు. గోడ మీద చెయ్యి వేసి, "మామా, దీన్ని ఉంచితే మెట్లు కనబడవు. తీసేస్తే నువ్వు ఒప్పుకోవు. మరేం చెయ్యాల?" అన్నాడు. నేను ఆలోచించే పోయాను. మెట్ల వైపు ఒక మనిషి పట్టేంత తలుపు పెట్టండి, మిగతా గోడ ఉంచండి అన్నాను. ఈ నీళ్లు తాగడానికి కాదని రాయండి. ఈ గోడ ఏ జబ్బును ఆపడానికి, ఏ కాలంలో కట్టారో ఒక రాయి మీద చెక్కించండి. చందాలో నా వంతు ఆ రాయికి ఇస్తాను అన్నాను. వాడు ఔననలేదు, కాదనలేదు. రాయి మీద ఏం రాయాలో అవ్వను అడుగుదాం పద అన్నాడు.

అమ్మ వాకిట్లో మంచం మీద ఉంది. పక్కన స్టీలు బిందె, అందులో పొద్దున తెచ్చిన ఫిల్టర్ వాటర్, మూతికి తెల్ల గుడ్డ. క్యాను నీళ్లకు వడకట్టే పని లేదని నేను ఎన్నిసార్లు చెప్పినా వినదు. మా వాడు ఫోను తీసి రికార్డింగు పెట్టి, "అవ్వా, నారి ఎట్లుండె, చెప్పు" అన్నాడు. అమ్మ చీర కుచ్చిళ్లు కొంచెం పైకి జరిపి చీలమండ చూపించింది. రూపాయి బిళ్లంత మచ్చ, మధ్యలో గుంట. వాడు కింద కూర్చుని దాన్ని దగ్గరగా చూశాడు. నొప్పి గురించి చెబుతుందనుకున్నాను.

"మిరుగు కార్తెకు వాన పడె," అంది అమ్మ. "ఊర్లో అందరూ గొర్రు కట్టిరి. నేను మంచంలో ఉంటి. మీ తాత ఒక్కడే ఏం చేస్తాడు, ఇత్తనం ఇడిచేదానికి మనిషి లేకపాయ. రెండెకరాలు బీడు పడిపాయ. ఆ ఏడు మనకు శెనక్కాయ లేదు నాయనా."